కుందేలు నేనే

కుందేల్ని కొడితే జైలని
ఫారెస్టు గార్డు మా అరుగు మీద కూర్చుని
టీ తాగి మరీ చెప్పిపోయిన ఏడు
మా నాన్న సిలార్
నన్ను కుందేలుని చేశాడు.

గోనెపట్టాలో పాత కుందేలు తోలు, మేకపేగులు,
నూరిన సోంపు గుప్పెడు.
మూట కట్టి, తాడు నా నడుముకి బిగించి
"పరిగెత్తు పాపా, తిన్నగా పోబాకు.
కుందేలు ఎప్పుడన్నా తిన్నగా పోయిద్దా?"

నాకప్పుడు పదకొండు.
మిరపచెట్లు పీకేసిన చేలు,
నల్లరేగడిలో పాదం దిగేంత పర్రెలు.
పేరేచర్ల కొండ ఇంకా చీకట్లోనే ఉంది.
పత్తి మోళ్ళు పిక్కలు గీరుతుంటే
వంకర్లు తిరిగాను, వాగు దాటాను,
ఎనక్కొచ్చి నా అడుగే మళ్ళీ తొక్కాను.
కుందేలు చేసే మోసాలన్నీ చేశాను.

ముందు కుక్కల గొంతు.
సివంగి, తుపాకి, చుక్కల్ది, తోకలేని రాణి.
వాసన దొరికాక కుక్క అరిచే అరుపు వేరు.
దొంగని చూసి అరిచేది కాదది, ఆకలిదీ కాదు.
ఏదో గుర్తొచ్చినట్టు అరుస్తుంది.

వాటెనక గుర్రాలు.
వారమంతా జట్కా లాగినవి,
పెళ్ళిళ్ళలో బ్యాండు మోతకి తలొంచుకు నిలబడ్డవి.
కళ్ళ పక్క గంతలు తీసేస్తే
నేలకి ఇంత వెడల్పుందా అన్నట్టు ఒక్క క్షణం ఆగి
దౌడు.
జీన్లు లేవు, మడిచిన గోతాలే.
నాగుల్ మీరా మామ, లాడాలు కొట్టే వీరబ్రహ్మం,
పొలం గలాయన తోడల్లుడు
(ఆయన పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు).

గట్టెక్కి కూర్చున్న నన్ను పట్టుకుని
నాలుగు కుక్కలూ మొహమంతా నాకేవి.
చంపడానికి ఏమీ లేకపోయినా
వాటికేం తక్కువైనట్టు లేదు.
తాతే గొణిగేవాడు,
కూర లేని వేట ఏం వేటరా అని.

ఇప్పుడా చేలకి ఓ పేరుంది, గేటుంది.
గేటు మీద ముందుకాళ్ళెత్తి
రెండు సిమెంటు గుర్రాలున్నాయి.
నిజం గుర్రాన్ని లోపలికి రానియ్యరు.

తెల్లరాళ్ళు, తారురోడ్లు, గజం ఇంతని రేట్లు.
నలభైమూడో ప్లాటు మాత్రం పదేళ్ళుగా అమ్ముడుపోలేదు.
వీధిపోటు.
ఎదురు రోడ్డు సూటిగా దాని గుండెల్లో దిగుతుంది.
కొనడానికొచ్చిన ప్రతివాడూ సిద్ధాంతిని తెచ్చుకుంటాడు,
సిద్ధాంతి తల అడ్డంగా ఊపుతాడు.
ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.
ఆ ప్లాటు ఎనక గోడ కూలింది,
కూలిన చోట గుర్రం పట్టేంత సందుంది,
సందు దాటితే డొంక, వాగు పోరంబోకు.
అదెవరిదీ కాదు. అందుకే ఇన్నాళ్ళూ మాది.

సోమవారం వస్తే కలెక్టరాఫీసులో అర్జీ పెడతాను.
డొంకని డొంకలాగే ఉండనియ్యండని.
'కారణం' అన్న గడిలో
గుర్రం పరిగెత్తడానికి, అని రాశాను.
"పరిగెత్తి ఎక్కడికి పోద్దమ్మా?" అన్నాడు గుమస్తా.
ఎక్కడికీ పోదండి, అన్నాను.
స్టాంపు వేసిచ్చాడు. పాపం, నవ్వలేదు.

ఈ ఆదివారం నా మోకాలు లేవనంది.
తాడు చెల్లెలి మనవరాలు జరీనా నడుముకి కట్టాను.
సోంపు అదే, తోలు మాత్రం ఎండి అట్టయింది.
నేను చెప్పకముందే
"తిన్నగా పోకూడదు, తెలుసులే" అంది.

ఉన్నది ఒక్కటే కుక్క, సివంగి మునిమనవడు.
ప్రతి హద్దురాయి దగ్గరా ఆగి కాలెత్తి
తన రిజిస్ట్రేషన్ తను చేసుకుంటూ పోయాడు.
నలభైమూడు దగ్గర ముక్కు నేలకానించాడు.
ఆగాడు.

తమ్ముడు బాజీ రాత్రి పెళ్ళి గుర్రం మీద ఉన్నాడు,
దాని జూలులో ఇంకా జరీ మెరుస్తోంది.
నేను దాని కళ్ళ గంతలు విప్పుతున్నాను.

కుక్క గొంతెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఈల ఊదాడు.
ఆపడానికో, అదిలించడానికో.