డిసెంబరు కలుపు

నకూరులో, సైకిళ్ళ రిపేరు కొట్టుపైన
రెండో అంతస్తు గదిలో
మేం తిట్లను తూస్తాం.
సున్నా నుంచి నాలుగు దాకా త్రాసు.
సున్నా అంటే ఎవరికీ తగలని మాట.
నాలుగంటే
వెనకే ఎవరో అగ్గిపుల్ల వెతుక్కుంటున్న మాట.
నాలుగులు గుంపుగట్టిన వారం
లోయ కింది ఊళ్ళ పెద్దలకు ఫోన్ చేస్తాం,
పిల్లల్ని ఆ దారిన పంపొద్దని.

రోజుకు రెండు వందల వాక్యాలు.
అంతకు మించి చదవనివ్వం ఎవర్నీ.
మధ్యలో టీ, కిటికీ,
కింద ఊచలు సరిచేస్తున్న చప్పుడు.
సాయంత్రానికి న్యొకాబి చేతులు కడుక్కుంటుంది,
ఏమీ ముట్టుకోకపోయినా.

నా వంతు తేడాలు లెక్కగట్టడం:
ఒకే వాక్యం ముందు ఇద్దరు
ఎంతెంత దూరంలో నిలబడ్డారో.

ఫిబ్రవరిలో ఒక వాక్యం దగ్గర లెక్క విరిగింది.
"నెలాఖరులోపు మన చేలో మగుగు ఉండకూడదు."
మగుగంటే కలుపు.
అంతే. బూతు లేదు, పేరు లేదు,
ఏ తెగ ఊసూ లేదు.
జెరోటిచ్ సున్నా వేసింది.
న్యొకాబి నాలుగు.

"మా నాన్న రోజూ అనే మాటే," అంది జెరోటిచ్.
"మొక్కజొన్న వేసేవాళ్ళింట్లో
ఉప్పు అన్నంత మామూలు."
న్యొకాబి చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత టీ కప్పుతో చెబుతున్నట్టు,
"మా గేటు మీద రాశారు.
ఆకుపచ్చ రంగుతో. నాకప్పుడు ఏడేళ్ళు.
అమ్మ చదివి వినిపించలేదు.
నేనే కూడబలుక్కుని చదివాను,
అప్పుడప్పుడే చదవడం వచ్చింది కదా,
గర్వంగా, పైకి."

ఫ్యాను తిరిగింది.
సూత్రం ప్రకారం సగటు తీయొచ్చు,
రెండు అని రాసి ముందుకు పోవచ్చు.
సున్నాకీ నాలుక్కీ నడుమ రెండుంటుంది గానీ
ఆ గేటుకీ ఆ చేనుకీ నడుమ
ఏముంటుంది?

జెరోటిచ్ తెర మీదకు వంగింది.
వాక్యం పక్కన తేదీని వేలితో ముట్టుకుంది.
"డిసెంబరు పద్దెనిమిది.
డిసెంబర్లో చేలో ఏముంటుందని?
కంకులు విరిచేశాం. మోళ్ళలో ఆవులు మేస్తుంటాయి.
ఆ నెలలో కలుపు తీసే రైతు
ఈ లోయలో ఒక్కడు లేడు."

తన సున్నాని తనే చెరిపింది.
ఎవరూ అడగలేదు.
నాలుగు వేశాక
ఇంట్లో సొంత మాటని ఎవరో ఎత్తుకుపోయినట్టు
కాసేపు అలాగే కూర్చుంది.

మా పట్టికలో ఇప్పుడు కొత్త గడి: నెల.
ఆ ఒక్క గడి కోసం
నాలుగు వందల పన్నెండు పాత వాక్యాలు తిరగేశాం.
కొన్ని బరువెక్కాయి.
కొన్నయితే పాపం, ఇన్నాళ్ళూ
ఉత్తపుణ్యానికి నేరం మోశాయి.

మే నెలలో ఒకటొచ్చింది.
"మోకాళ్ళు పోతున్నాయి. ఎంత పీకినా మళ్ళీ మగుగే.
ఎవరైనా వచ్చి ఓ చెయ్యేస్తారా?"
యంత్రం ఎర్రజెండా ఎత్తింది.
న్యొకాబి చదివింది, పైకి.
కింద కొట్లో ఎవరో చక్రం తిప్పి వదిలారు.
అది ఆగేదాకా విని
సున్నా వేసింది.