ఏడ నొస్తుంది?

నైట్ డ్యూటీ, రెండున్నర దాటింది.
గాంధీ దవాఖాన, ఆడవాళ్ళ ఎముకల వార్డు.
సెలైన్ చుక్కలు చూస్తూ
శనగలు నానేసినట్టు
నోట్లో ఒక మాట నానేస్తున్నాను:
వో టూట్ ఎస్ వే.
ఎక్కడ నొప్పి?

పరీక్షకి ఇరవై రోజులు.
హిమాయత్‌నగర్‌లో మెట్లకింది ఇరుకు గది.
తొమ్మిదేళ్ళు లైప్‌జిగ్‌లో ఉండొచ్చిన రఫత్ మేడం
ఉర్దూలో తిట్టి జర్మన్‌లో నేర్పుతుంది.
"ఆ 'ర' గొంతులోంచి రావాలి,
నువ్వు రోట్లో దంచుతున్నావు."
పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాను ఆ అక్షరం కోసం.
"కింది పోర్షనోళ్ళు కొట్లాటకొస్తరు"
దుప్పట్లోంచి మా ఆయన.

మూసాపేట నుంచి రెండు రైళ్ళు మారేలోపు పన్నెండు మాటలు.
తలుపులు ఎటు తెరుచుకుంటాయో
రైలు మూడు భాషల్లో చెబుతుంది,
నాలుగోది నేను గొణుగుతాను.
పక్కామె కొంచెం జరిగి కూర్చుంటుంది.
చెంచా మగవాడట. ఫోర్కు ఆడదట.
కత్తి రెండూ కాదట.
ఆడపిల్లని మాత్రం అక్కడా 'అది' అనే అంటారు.
దానికి నాకు అభ్యాసం అక్కర్లేదు.

నోట్సులో నొప్పికి ఎదురుగా ఒకే మాట: ష్మెర్ట్స్.
వార్డులోనేమో
పదకొండో బెడ్డు కొమురవ్వకి తుంటి గుంజుతుంది,
కిటికీ పక్కామెకి సలుపుతుంది,
స్కూటీ మీంచి పడ్డ పిల్లకి చురచురమంటుంది,
ఒకామెకి తీపులు, ఒకామెకి పోట్లు,
ఒకామె ఏ పేరూ పెట్టదు, పళ్ళు బిగిస్తుంది.
ఒక్కో మాటకి నా చెయ్యి ఒక్కో చోటికి పోతుంది.
సలుపుని ఏమంటారు మేడం, అని అడిగాను.
చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు ఊరుకుంది.
"ఉంటాయి మాటలు. పుస్తకంలో దొరకవు.
నా రెండో కాన్పులో, అక్కడ, ఒక్క రాత్రిలో నేర్చుకున్నా."

"ఏం మంత్రం సదువుతున్నవ్ బిడ్డా?"
కొమురవ్వకి నిద్ర పట్టలేదు.
చెప్పాను. జర్మనీ పోతున్నానని,
అక్కడి ముసలివాళ్ళ ఆసుపత్రిలో పని అని.
"ఆడి ముసలోళ్ళకు గూడ తుంటి ఇరుగుతదా?"
విరుగుతుందవ్వా.
కాసేపు ఆలోచించింది.
"ఐతే నన్నడుగు. నా మీద నేర్సుకో."

స్టూలు జరుపుకుని అడిగాను,
పరీక్షలో అడగాల్సినంత మర్యాదగా:
వో టూట్ ఎస్ వే, బిట్టె?
చివరి ముక్కే పట్టుకుంది. "బిడ్డె?"
బిడ్డ కాదవ్వా, బిట్టె. దయచేసి అని.
"గదే గద," అంది.
"బిడ్డా అంటె ఇంకేంది మరి?"
నా దగ్గర జవాబు లేదు,
ఏ భాషలోనూ.

నా చెయ్యి పట్టుకుని తుంటి కింద పెట్టుకుంది.
"ఈడ."
ఈడ అంటే హీయా, అవ్వా.
"ఇయ్య."
ఇయ్య కాదు, హీయా.
పక్క బెడ్డామె విసుక్కుని అటు తిరిగింది.
ఇంజక్షన్ ఇచ్చాను, దుప్పటి సర్దాను,
గుంజుడు కొంచెం కొంచెంగా వదిలింది ఆమెని.

పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు
చార్టు మీంచి తలెత్తకుండా
"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు.
కొమురవ్వ తుంటి మీద చెయ్యేసి
ముక్కు తుడుచుకుని, గట్టిగా,
"హీయా" అంది.

ఆయన నావైపు చూశాడు.
నేను బీపీ రాసుకుంటున్నాను.