ఖాళీ కూడా తింటుంది

బ్యూమాంట్ ఊరవతల పాత ఇనుము కొట్లో
మూడు గ్యాసు ట్యాంకులు ఎండకు పడుకున్నాయి.
డెల్ఫీన్ ఒక్కోదాన్నీ కుండలా
వేలి కణుపుతో మోగించి చూసింది.

"ఐదొందల గ్యాలన్లది తీసుకో,
చర్చి మొత్తానికి సరిపోతుంది" తమ్ముడు క్లీటస్.

ఆమె ఏమీ అనలేదు.
వాల్వు ఊడదీసిన కంతకు నోరు ఆనించి
తన పేరు తానే పిలుచుకుంది.
పేరు చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

"ఓక్ కట్టెల రేటు తెలుసా నీకు?
మాంసం ఉన్నా లేకున్నా
ఖాళీ కూడా కట్టెలు తింటుందిరా."

నూట ఇరవైది మరీ ఇరుకు:
బ్రిస్కెట్ పెడితే పక్కటెముకలు బయట కూర్చోవాలి.

చివరికి రెండొందల యాభైది.
తుప్పు పొట్టు లేచిన చోట
సుద్దముక్కతో తలుపు గీసింది,
పక్కనే, పొయ్యి పెట్టెకు ఇందులో మూడో వంతు అని.
ముందు నిండా నీళ్లు పోయాలి. ఆ తర్వాతే కోత.

క్లీటస్ ఇంకా పెద్దదాని దగ్గరే ఉన్నాడు,
సంతలో వదిలేసిన ఎద్దును చూస్తున్నట్టు.

ట్రైలరు మీద గొలుసు బిగిస్తూ అడిగాడు:
"మరి ఈస్టర్‌కి?"

"రెండు దఫాలు వండుతా.
రాత్రిళ్లు ఎలాగూ నిద్ర పట్టదు నాకు."