పట్టూ విడుపూ

పొద్దుటినుంచి నూట పద్నాలుగుసార్లు పడ్డాను.
ప్రతిసారీ పదిహేడో స్తంభం దగ్గరే.

టాంపెరేలో డిసెంబరు. మూడింటికే చీకటి.
పాత బట్టల మిల్లు మూడో అంతస్తులో మా ఆఫీసు.
కింద నది గడ్డకట్టడానికి ఒప్పుకోక
ఎవరితోనో తగాదాపడుతున్నట్టు పారుతుంటుంది.
నా ఉద్యోగం పడటం.
పడి, ఎలా పడ్డానో రాయటం.

తెర మీద బూడిదరంగు కోటు మనిషి.
అతనికింకా పేరు పెట్టలేదు.
ఎడమ మణికట్టులోంచి తీగ దూసుకెళ్తుంది,
తీగ చివర కొక్కెం.
కొక్కెం వంతెన దూలాన్ని కరిచిందా, ఊగుతాడు.
కరవలేదా, నీళ్లు.
కెమెరా ఎప్పుడూ అతని వెనకే
నాలుగడుగుల ఎడంలో,
బాకీ వసూలుకొచ్చినవాడిలా.
అతని వీపు నాకు కంఠతా వచ్చు.
కుడిభుజం కింద కుట్టు ఊడిన చోటు,
మలుపులో కోటు అంచు ఆలస్యంగా తిరగడం.
నా వీపు సంగతి నాకు ఇందులో సగం తెలియదు.

తాడు రాసింది రైలీ.
ఆరు నెలలు, ఒక్క తాడు.
"తాడెక్కడుంది ఔలిస్," అంటుంది కాఫీ ఊదుకుంటూ,
"రెండు చుక్కలు, మధ్య కొంత దూరం.
ఆ దూరాన్ని పెరగనివ్వను, అంతే."
పట్టుకోవడం ఎవరైనా రాస్తారట.
కష్టమంతా విడుపులోనే ఉందట.
ఊపు అడుక్కి చేరినప్పుడు వదిలితే
ముందుకు విసురుతుంది, ఎత్తు దక్కదు.
మరీ పైకి పోయాక వదిలితే
గాలిలో ఒక్క క్షణం మర్యాదగా నిలబెట్టి
నిట్టనిలువునా దించుతుంది.
ఆ రెంటి నడుమ రెప్పపాటులో పదోవంతు.
అక్కడ బొటనవేలు లేవాలి.
నొక్కడం కాదు,
లేవడం.

నేను రాసింది:
పదిహేడో స్తంభం. కొక్కెం తగిలిన చప్పుడొస్తుంది.
కొక్కెం తగలదు.
తీవ్రత: ఎక్కువ.

గురువారం రైలీ ఒక సున్నాని ఎక్కడో జరిపింది.
పదిహేడు పట్టుకుంది!
పద్దెనిమిది, పంతొమ్మిది, వంతెన చివరి దీపం,
ధాన్యపు గిడ్డంగి చూరు, పొగగొట్టం ఇనపకట్టు.
వేలు లేచిన ప్రతిచోటా ఆకాశం నాకు చోటిచ్చింది.
అరుద్దామనుకున్నాను.
చుట్టూ అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు.

అప్పుడే ఎందుకో వేలు ఎత్తలేదు.

అతను వేలాడుతున్నాడు.
ఊపు తగ్గింది, ఇంకా తగ్గింది,
తీగ నిటారుగా నిలబడింది, కోటు సర్దుకుంది.
కింద నీళ్లలో నాలుగు సెకన్లకోసారి
అదే అల.
ఈ ఆటలో ఇంతవరకూ ఎవరూ ఆగలేదు.
నలభై సెకన్లకి కెమెరాకి విసుగొచ్చింది కాబోలు,
మెల్లగా పక్కకి జరిగి, చుట్టూ తిరిగి,
అతని ముందుకొచ్చింది.

ముఖం లేదు.
గరిటె వెనకవైపులా నున్నగా ఉంది.
దాని మీద వంతెన దీపాలు ఒక్కొక్కటే జారుతున్నాయి.

రాశాను:
కదలకుండా నలభై సెకన్లు వేలాడితే
కెమెరా ముందుకొస్తుంది. ముఖం లేదు.
తీవ్రత:
తక్కువ అని రాసి, చెరిపి,
టీ తాగొచ్చి,
మళ్లీ తక్కువ అనే రాశాను.

సోమవారం జవాబు: సరిచేశాం.

వెళ్లి వేలాడాను.
నలభై. యాభై. రెండు నిమిషాలు.
కెమెరా కదల్లేదు.
వీపు, ఊడిన కుట్టు, అదే అల.
కెమెరా పని ఒనెర్వాది.
"ముఖం చెయ్యాలంటే మూడు వారాలు," అంది,
"తిరగడం ఆపాలంటే ఒక్క లైను.
ఆయినా అంతసేపు ఎవరాగుతారు?"
నిజమే.

సాయంత్రం వంతెన మీదుగా ఇంటికి.
సున్నాకి ఎనిమిది కింద.
నది తుంపరలు కమ్మీల మీదే గాజవుతున్నాయి.
చేతితొడుగులో బొటనవేలు
దీపస్తంభం వచ్చినప్పుడల్లా దానంతటదే
నొక్కుతోంది, లేస్తోంది.
ముందు ఎవరో నడుస్తున్నారు.
గోధుమరంగు కోటు, ఒక పక్కకి ఒరిగిన భుజం.
ఎంతసేపయిందో, వెనకే వెళ్తున్నాను
నాలుగడుగుల ఎడంలో.

అడుగు పెంచాను. దాటాను. వెనక్కి తిరిగాను.

ఎవరో పెద్దావిడ. ముక్కు ఎర్రగా కందింది,
కనుబొమల మీద మంచు.
"ఏం కావాలి?" అంది.
"ఏమీ లేదు."
"చలి," అంది.
"అవును, చలే," అన్నాను.