ఆవగింజలో వెయ్యో వంతు

అగ్నిపర్వతం ఉమ్మిన నేల మాది.
పిడికిట్లో నలిపితే నురుగురాయి పొడి,
నీళ్ళలో వేస్తే తేలుతుంది.
గడ్డి మాత్రం మోకాలెత్తు,
చూసినవాడి కన్ను కుట్టేంత పచ్చగా.

మా మామగారి నాన్న ఇక్కడ కంచె వేసిన కొత్తల్లో
గొర్రెలు ఆ పచ్చదనం మధ్యే నిలబడి ఎండిపోయాయట.
మూతి ముందు మేత.
డొక్కల్లో కరువు.
గాలి సోకిందన్నారొకరు,
చెట్లు కొట్టిన పాపమన్నారింకొకరు.
చావగా మిగిలినవాటిని నది దాటించి
అవతలి బంకమట్టి మీద మేపితే
మూడు వారాల్లో గంతులు.
తిరిగి తెస్తే మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడడం.

చాలా ఏళ్ళకి ఎవరో ఆ మట్టిని మరిగించి, వడగట్టి
దానిలో లేనిదేమిటో చెప్పారు:
కోబాల్టు.
రోజుకి ఒక గొర్రెకి
ఆవగింజలో ఇరవయ్యో వంతు.
అంతే.
అది లేకనే అన్ని ఎముకల గుట్టలు.

నలభై ఏళ్ళు నేనూ క్లైవూ మందలు చూశాం.
చెవి వాలిందా, ఉన్ని పొడిబారిందా,
కంటి కింద నీరు కారి చార కట్టిందా,
గేటు దగ్గర ఒక్క చూపు చాలు నాకు.
పిల్లల తోకలు కత్తిరించే వారంలో
మెడ పక్కన సూది,
సీసాలో దానిమ్మరసం లాంటి ఎర్ర మందు.
వెయ్యి మెడలు. సాయంత్రానికి నా వేళ్ళూ ఎరుపే.

మందంటే అమృతమనుకోకండి.
పక్క పొలం ట్రెవర్
మంచిదన్నదల్లా కొనేవాడు.
దాణాలో రాగి ఉందని సంచి మీదే రాసి ఉన్నా
పైన రాగి గుళికలు కూడా మింగించాడు.
పదకొండు గొర్రెలు, కళ్ళు పసుపుపచ్చగా,
ఆదివారం పొద్దున కంచె వారనే పడి ఉన్నాయి.
గుంట తవ్వడానికి మేమూ వెళ్ళాం.
ఎవరం ఏమీ అనలేదు.
పార చప్పుడొక్కటే.

ఇక నా సంగతి.
క్లైవ్ పోయిన రెండో చలికాలం
అరికాళ్ళలో చీమలు పాకడం మొదలైంది.
నాలుక నున్నగా, మంటగా.
మెట్టెక్కితే ఆయాసం.
కుక్క పేరు మర్చిపోయి
ఫ్లింట్‌ని బెస్ అని పిలిచాను; బెస్ పోయి ఆరేళ్ళు.
దుఃఖం అనుకున్నాను.
వయసు అనుకున్నాను.
మొగుడు పోయిన ఆడదానికి
ఈ రెండు పేర్లూ ఊరంతా అప్పిస్తుంది.

మెరేఆనా, మా ఆసుపత్రి నర్సు,
ఊలు అమ్మకం దగ్గర నన్ను ఆపి
కనురెప్ప కిందికి లాగి చూసింది,
అచ్చం నేను గొర్రెని చూసినట్టు.
"నోలీన్, నీ మందలో ఇలాంటిదుంటే
ఎన్నాళ్ళు ఊరుకునేదానివి?"

పూట కూడా ఊరుకోను.
నలభై ఏళ్ళు అన్ని ముఖాలూ చదివాను.
అద్దంలో దాన్ని చదవలేదు.

గొర్రె పొట్టలో కంటికి కనబడని వంటవాళ్ళుంటారట,
కోబాల్టు రవ్వతో ఆ ఎర్ర విటమిను వండిపెడతారట.
మనిషి పొట్టకి ఆ భాగ్యం లేదు,
ఇంకొకరు వండింది తినాలి.
నా పొట్టకైతే తిన్నదీ అందదు.
ఎదురుగా మాంసం కూర పెట్టుకుని
ఇన్నాళ్ళూ పస్తున్నానన్నమాట,
మామగారి నాన్న గొర్రెల్లాగే.
నాకు కావలసింది రోజుకి
ఆవగింజలో వెయ్యో వంతు.

ఇప్పుడు మూడు నెలలకోసారి సూది.
అద్భుతం జరిగిందని చెప్పను.
ఎడమ పాదంలో చీమలు ఇంకా పోలేదు,
ఆలస్యం చేశావు, పోకపోవచ్చు అన్నారు.
మెట్లు మాత్రం ఎక్కుతున్నాను.
ఫ్లింట్‌ని ఫ్లింట్ అనే పిలుస్తున్నాను.

ఈసారి ఆమె వచ్చేసరికి తోకల వారం.
దొడ్డి నిండా అరుపులు,
బల్ల మీద నా సీసా, పక్కన ఆమె సీసా.
రెండూ ఒకే ఎరుపు.
గొర్రెలది పెద్దది, చవక.
నాది చిటికెన వేలంత, దానికో రసీదు.
చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని
అలవాటు కొద్దీ కాలరు పక్కకి లాగాను.

"మెడ కాదు నోలీన్," అంది మెరేఆనా,
"భుజం."