రెండు వేళ్ళ సందు

సిద్ధాపుర నర్సరీలో నిమ్మ మొక్క కొన్నాను,
నల్ల కవరులో, మూరెడు కూడా లేదు.
ఓనరు సంపు కట్టించినప్పుడు సగానికి కోసిన
నీలం డ్రమ్ము మిద్దె మీద పడి ఉంది.
ఎంత జాగా! అనుకున్నాను.
తొమ్మిదడుగుల గదిలో మిషను, మంచం, గుడ్డల మూటలు, నేను.
దీనికైనా కాళ్ళు చాపుకునే చోటు దొరకనీ అని.

కడ్డీ కాల్చి అడుగున బెజ్జాలు పెట్టాను.
ఎర్రమట్టి, పేడెరువు, కాస్త ఇసుక.
పొద్దున్నే చెంబెడు నీళ్ళు.

పదిహేను రోజులకి ఆకు పాలిపోయింది.
దాహమేమో అని రెండు చెంబులు పోశాను.
నెల తిరక్కుండా ఆకులన్నీ రాలాయి.
పట్టుకుంటే చాలు, ఊడి చేతిలోకొచ్చింది.
వేళ్ళు నానిన నూలుపోగుల్లా తోలు జారిపోతున్నాయి,
కుళ్ళిన కుడితి వాసన.
మొక్క చేరుకోలేని మట్టంతా
ఎవరూ తాగని నీళ్ళు పట్టుకుని
చల్లగా కూర్చుని ఉంది.

నర్సరీ నంజమ్మది హోసకోటె వైపు.
తెలుగులో కన్నడం కలిపి తిడుతుంది.
"ఏం టైలరమ్మా, ఒకటో క్లాసు బిడ్డకి
వాళ్ళ నాయన చొక్కా తొడుగుతావా?"

నోరు మెదపలేదు నేను.
జూన్ వచ్చిందంటే నా పనంతా అదే కదా.
యూనిఫారం నడుము దగ్గర అంగుళం మడిచి,
అంచులో రెండంగుళాలు దాచి,
వచ్చే ఏడు విప్పడానికి వీలుగా పొడుగు కుట్టు వేస్తాను.
పదంగుళాలు దాచమని ఏ తల్లీ అడగలేదు.
అడిగినా కుట్టను. పిల్ల కాళ్ళకి తట్టుకుని పడుతుంది.

ఆవిడ మట్టి చెయ్యి చాపి
చూపుడువేలు, మధ్యవేలు జత చేసింది.
"వేరుముద్దకీ కుండీకీ నడుమ ఇంతే.
మట్టి ఆరాల. ఆరితేనే వేరు
స్వల్ప స్వల్ప వెతుక్కుంటా పోతుంది."

రెండోసారి కొలటేపుతో వెళ్ళాను, నవ్వింది.
వేరుముద్ద ఐదు, కుండీ ఎనిమిది.
నిమ్మ నిలబడింది.

తర్వాత మర్చిపోయాను.
పెళ్ళిళ్ళ జాకెట్లు, ఫాల్సులు, కరెంటు కోతలు,
రెండేళ్ళు.
పోసిన నీళ్ళు పోసినట్టే అడుగు నుంచి కారిపోతున్నా
కుండీ చిల్లు పడిందేమో అనుకున్నాను.
తిరగేసి తట్టితే
కుండీ ఆకారంలోనే ఊడొచ్చింది,
మట్టి కనబడలేదు.
బాబిన్ మీద దారంలా వేళ్ళు
చుట్టూ, చుట్టూ, మళ్ళీ చుట్టూ.

కుట్లు విప్పే బ్లేడుతో
నాలుగు వైపులా నిలువుగా గీశాను.
గుడ్డ కోసేటప్పుడు వణకని చెయ్యి వణికింది.

ఆ వారమే హసీనా కూతురు గౌను తెచ్చింది, పొట్టిదైపోయిందని.
అంచు విప్పితే మడత లోపలి బట్ట
ఎండ తగలక ముదురు నీలంగానే ఉంది.
ఆ గీత అందరికీ కనబడుతుందని ఏడ్చింది.
ఎదిగావనడానికి గుర్తే అది, అన్నాను.
వినలేదు.

నంజమ్మ చెప్పిన చిట్కా ఒకటుంది:
పదకొండంగుళాల కుండీ మధ్యలో పాత కుండీని పెట్టి
చుట్టూ మట్టి కూరి, మెల్లగా తిప్పి, పైకి లాగాలి.
సరిగ్గా నిమ్మ పట్టేంత గుంట మిగులుతుంది.
మొక్కని అందులో దించాను, చెయ్యి మట్టిని ముట్టకుండానే.
సాయంత్రం వానొచ్చింది. చెంబు బోర్లించాను.

డ్రమ్ము ఇంకా ఉంది.
ఇప్పుడందులో గుడ్డపీలికలు వేస్తున్నాను.
నిమ్మ దాని దాకా ఎదగాలంటే ఎన్నేళ్ళు పడుతుందో,
ఓనరు అన్నాళ్ళు ఉండనిస్తాడో లేదో.
ఏటా జూన్ రద్దీ తగ్గాక
పీలికలన్నీ కుమ్మరించి, టేపు అడ్డంగా పెట్టి చూస్తాను.
ఇరవై రెండంగుళాలు.
మళ్ళీ నింపేస్తాను.