మూడు మిల్లీమీటర్ల సముద్రం

యాస్నా బొమ్మ పంపింది, పోస్టుకార్డు కోసం.
వల్పరాయీసో కొండ మీద రేకుల ఇళ్ళు,
ఒకటి ఆవపువ్వు పసుపు, పక్కది అచ్చంగా తుప్పు.
కొండ వాలున కిందికి జారుతున్న లిఫ్టు పెట్టె,
దాని కిటికీలోంచి సముద్రం మీదికి చాచిన చెయ్యి ఒకటి.

ఆ చెయ్యి సరిగ్గా అంచున ఉంది.
వేళ్ళు అయిపోయిన చోటే బొమ్మా అయిపోయింది.

నా పని బొమ్మలు వెయ్యడం కాదు.
మూలకి రెండేసి చొప్పున ఎనిమిది గీతలు పెడతాను,
వెంట్రుక మందాన, బొమ్మని తాకకుండా.
గట్టు తగాదాలో సాక్షుల్లా
ఎడంగా నిలబడి వేలు చూపిస్తాయి:
ఇక్కడిదాకా.

తర్వాత సముద్రాన్ని కాస్త బయటికి లాగుతాను,
చుట్టూ మూడు మిల్లీమీటర్లు.
యాస్నా వెయ్యని అలలవి, పక్క అలల దగ్గర అరువు తెచ్చినవి.
కాగితం ఇసుమంత జరిగినా
తెల్లంచు పళ్ళికిలించకూడదు కదా.
కోతకే పుట్టిన నీళ్ళు.
అయినా నురగ కుదిరేదాకా వదలబుద్ధి కాదు.
"చెత్తబుట్టకి ఇంత ముస్తాబా?" అంటాడు అన్సెల్మో.

అన్సెల్మో కోత మిషను దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నాడు.
బొమ్మ వంక చూడడు.
చూస్తే జాలేస్తుందట, జాలేస్తే వంకర పోతుందట.
గీతలు చూస్తాడు, పెడలు తొక్కుతాడు,
అయిదు వందల కొండలు ఒక్క చప్పుడులో తెగుతాయి.
గీతల్లేని కట్ట ఒకసారి పంపితే
దాని మీద ఇనుప దిమ్మె పెట్టి ఇంటికెళ్ళిపోయాడు.

యాస్నాకి ఫోన్ చేశాను.
చెయ్యిని లోపలికి తీసుకోనా, బయటికి వదిలెయ్యనా?
ఉన్నచోటే ఉంచితే కత్తి దయ.
అవతల కాసేపు కుక్కలే మాట్లాడాయి,
గ్యాసు బండివాడు సిలిండర్ మీద టంగుటంగున కొట్టుకుంటూ పోయాడు.
"అది మా అన్నయ్య చెయ్యి" అంది.
"వాడెప్పుడూ అంతే, సగం బయటే."
ఇంకేమీ చెప్పలేదు.

బొమ్మ మొత్తాన్ని నూటికి నాలుగు వంతులు కుదించాను.
కిక్కిరిసిన బస్సులో ఇంకొకడికి చోటిచ్చినట్టు
కొండ, ఇళ్ళు, పడవలు, ఆరేసిన బట్టలు
తలా కాస్త ఒదిగి జరిగాయి.
ఖాళీ అయిన మేర మళ్ళీ సముద్రం పోశాను.

గురువారం సాయంత్రం కోత అయింది.
ఏమనుకున్నాడో, అన్సెల్మో కళ్ళజోడు తీసి తుడుచుకుని
పైనున్న కార్డు వెలుతురులో పెట్టి చూశాడు.
"ఎవరికి ఊపుతున్నాడు వీడు?"

తెలీదన్నాను.
బుట్ట నిండా పీలికలైన సముద్రం.
పీలికల కొసల్లో నా గీతలు
ఏమీ లేని చోటుని
ఇంకా వేలెత్తి చూపిస్తున్నాయి.